పోలికలున్న శత్రువు

తెల్లవారుజామున తాటిచెట్టు నుండి దింపిన నీరా తియ్యగా ఉంటుంది. పొద్దెక్కే కొద్దీ అదే నీరా నురగలు కక్కుతూ, పులిసి, ఘాటైన కల్లుగా మారుతుంది. అందులో ఎవరూ ఏమీ కలపలేదు. కుండ గోడలకు అంటుకొని ఉన్నవి, గాలిలో తేలివచ్చినవి అయిన సూక్ష్మజీవులు, వాటిలో ముఖ్యంగా ఈస్టు అనే ఏకకణ శిలీంధ్రం, నీరాలోని చక్కెరను ఆహారంగా గ్రహించి ఆల్కహాలును, కార్బన్ డయాక్సైడు వాయువును వెలువరించాయి. బేకరీలో రొట్టె పొంగడానికి కారణం కూడా ఆ వాయువే. మానవుడు వేల సంవత్సరాలుగా ఈస్టుతో సహజీవనం చేస్తున్నాడు. దానికి పేరు పెట్టకముందే, దానిని కంటితో చూడకముందే ఆ స్నేహం మొదలైంది.

అయితే ఈస్టులన్నీ కుండలోనే ఉండిపోవు. కొన్ని మన దేహాన్నే ఇల్లుగా చేసుకొన్నాయి. వాటిలో ప్రసిద్ధమైనది కాండిడా అల్బికాన్స్. లాటిన్ భాషలో కాండిడా అంటే తెల్లనిది, అల్బికాన్స్ అంటే తెల్లబడుతున్నది. పేరు పెట్టినవారికి తెలుపు మీద ఎంత మక్కువో గాని, ఒకే రంగును రెండుసార్లు చెప్పారు. ఆరోగ్యవంతుల నోటిలోను, పేగులలోను ఇది ఏ హానీ చేయకుండా మసలుతూ ఉంటుంది. పక్కనే నివసించే బాక్టీరియాలు, మన రోగనిరోధక శక్తి దానిని అదుపులో ఉంచుతాయి. ఆ అదుపు సడలినప్పుడు దాని నైజం బయటపడుతుంది. పసిపిల్లల నాలుక మీద పెరుగు మరకల వంటి తెల్లని పూత, మధుమేహ రోగులలో మానని చర్మవ్యాధి, స్త్రీలలో దురదతో కూడిన తెల్లబట్ట ఇటువంటివే. ఇవి బాధించేవే గాని ప్రాణాంతకాలు కావు. దీర్ఘకాలం యాంటీబయాటిక్ మందులు వాడి, రక్తనాళంలో గొట్టాలతో ఆసుపత్రి అత్యవసర విభాగంలో పడి ఉన్న రోగి రక్తంలోకి ఇది ప్రవేశించినప్పుడు మాత్రం పరిస్థితి వేరు. మందులు అందినప్పటికీ అటువంటి రోగులలో చాలామంది దక్కరు.

ఎందువల్ల? ఇన్ని మందులున్న ఈ కాలంలో, చక్కెర తిని బతికే ఒక చిన్న కణాన్ని చంపడం ఇంత కష్టం ఎందుకయింది? ఆ కణపు జీవక్రియల మీద మన మందులు ఎక్కడ దెబ్బ తీస్తాయో, ఆ దెబ్బకు అది ఎలా స్పందిస్తుందో తెలుసుకొంటే సమాధానం దొరుకుతుంది. కణం లోపల అహర్నిశలు జరిగే రసాయన చర్యల సముదాయాన్ని జీవక్రియ అంటారు. ఆహారాన్ని విడగొట్టి శక్తిని పొందడం, ఆ శక్తితో తనకు కావలసిన పదార్థాలను నిర్మించుకోవడం, రెండూ అందులో భాగాలే.

బాక్టీరియాతో పోరాటం మనకు కొంత సులభం. ఆ జీవులకు, మనకు నిర్మాణంలో పొంతన లేదు. పెన్సిలిన్ బాక్టీరియా కణకవచ నిర్మాణాన్ని అడ్డుకొంటుంది. మన కణాలకు అసలు కణకవచమే లేదు. స్ట్రెప్టోమైసిన్ బాక్టీరియా రైబోసోములను పట్టుకొంటుంది. మన కణద్రవ్యంలోని రైబోసోముల నిర్మాణం వేరు. కాబట్టి బాణం ఎక్కడ వేసినా చాలావరకు శత్రువుకే తగులుతుంది. ఈస్టు సంగతి అలా కాదు. దానికి మనవలెనే పొరతో కూడిన కేంద్రకం ఉంది, మైటోకాండ్రియాలు ఉన్నాయి. గ్లూకోజును పైరూవికామ్లంగా విడగొట్టే మెట్ల వరుస దానిలోను, మనలోను దాదాపు ఒక్కటే. నిజానికి శిలీంధ్రాలు మొక్కలకన్నా జంతువులకే దగ్గరి బంధువులని జన్యు పరిశీలనలు తేల్చాయి. కురుక్షేత్రంలో ఎదుటి పక్షాన తాతలు, గురువులు, సోదరులు నిలిచి ఉండగా అర్జునుడు ఏ స్థితిలో పడ్డాడో, శిలీంధ్రానికి మందు వెతికే శాస్త్రజ్ఞుడు ఇంచుమించు అదే స్థితిలో ఉంటాడు.

ఈ పోలిక ఎంత లోతైనదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. జీవకణాలు శక్తిని ఇచ్చిపుచ్చుకొనేందుకు వాడే నాణెం ఏ.టి.పి. అనే పదార్థం. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి దీనిని కండరాల నుండి వేరుచేసి 1929లో ప్రకటించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దానిని కనుగొన్నారు. మన కండరం కదలడానికి ఏ నాణెం చెల్లుతుందో, ఈస్టు కణం చీలి మొగ్గ తొడగడానికీ అదే నాణెం చెల్లుతుంది. దాని శక్తి ఉత్పత్తిని విషంతో ఆపుదామంటే ముందుగా మన గుండె ఆగుతుంది. సుబ్బారావు గారికి శిలీంధ్రాలతో మరొక విధమైన సంబంధమూ ఉంది. ఆయన మరణించిన అయిదేళ్ళకు, 1953లో, హెసల్టైన్ అనే శాస్త్రజ్ఞుడు కొత్తగా గుర్తించిన ఒక శిలీంధ్ర ప్రజాతికి ఆయన స్మృతిచిహ్నంగా సుబ్బరోమైసిస్ అని నామకరణం చేశారు.

పోలికల నడుమ భేదం ఎక్కడ ఉంది? మొదటి భేదం కణాన్ని చుట్టి ఉండే పలుచని పొరలో దొరికింది. ఆ పొర బిగువు చెడకుండా ఉండడానికి స్టెరాల్ అనే కొవ్వు జాతి పదార్థం అవసరం. మన కణాలు ఇందుకు కొలెస్టెరాల్‌ను వాడతాయి. శిలీంధ్రాలు ఎర్గోస్టెరాల్‌ను వాడతాయి. రై ధాన్యపు కంకులకు పట్టే ఎర్గాట్ తెగులు నుండి 1889లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షార్ల్ తాన్రే దీనిని మొదట వేరుచేశాడు. పేరు ఆ తెగులు నుండే వచ్చింది. కొలెస్టెరాల్‌లో 27 కార్బన్ పరమాణువులు ఉంటాయి, ఎర్గోస్టెరాల్‌లో 28. రెండు ద్విబంధాలు అదనం. అన్నదమ్ములలో ఒకరికి పుట్టుమచ్చ ఉన్నంత తేడా ఇది. ఇప్పుడు వాడుకలో ఉన్న శిలీంధ్ర ఔషధాలలో అధికభాగం ఆ పుట్టుమచ్చనే గురి చూసి కొడతాయి.

అటువంటి మందులలో మొదటిది ఇద్దరు స్త్రీల కృషి ఫలితం. న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య శాఖలో ఎలిజబెత్ హేజెన్ సూక్ష్మజీవ శాస్త్రవేత్త. ఆమె నివాసం న్యూయార్క్ నగరంలో. రేచెల్ బ్రౌన్ రసాయన శాస్త్రవేత్త. ఆమె ప్రయోగశాల చాలా దూరంలో, ఆల్బనీలో. హేజెన్ మట్టి నమూనాల నుండి సూక్ష్మజీవులను పెంచి, శిలీంధ్రాలను చంపగలవని తోచినవాటిని గాజు జాడీలలో పెట్టి పోస్టులో పంపేది. బ్రౌన్ వాటిలోని క్రియాశీల పదార్థాన్ని వేరుచేసి తిరిగి పోస్టులోనే పంపేది. వర్జీనియాలోని ఒక పాడిక్షేత్రపు మట్టిలో దొరికిన స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియా వారి శ్రమను ఫలింపజేసింది. 1950లో ప్రకటించిన ఆ మందుకు న్యూయార్క్ స్టేట్ అనే మాటల నుండి నిస్టాటిన్ అని పేరు పెట్టారు. దానిపై లభించిన కోటీ 30 లక్షల డాలర్లకు పైగా రాయల్టీని వారిద్దరూ తమకు ఉంచుకొనక శాస్త్ర పరిశోధనకే ధారపోశారు. 1966లో ఇటలీలోని ఫ్లారెన్స్ నగరాన్ని వరద ముంచెత్తినప్పుడు తడిసిన చిత్రపటాలకు పట్టిన బూజును తొలగించడానికి కూడా నిస్టాటిన్ పనికివచ్చింది.

నిస్టాటిన్ పేగుల నుండి రక్తంలోకి ఎక్కదు. నోటిపూతకు, చర్మానికి తప్ప లోపలి వ్యాధికి అది చాలదు. 1950ల నడుమ వెనిజులా దేశపు ఒరినోకో నదీ ప్రాంతపు మట్టి నుండి వచ్చిన యాంఫోటెరిసిన్ బి ఆ కొరత తీర్చింది. మన దేశంలోనూ పుణె సమీపంలోని పింప్రీలో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ సంస్థకు చెందిన ఎం.జె. తిరుమలాచార్, ఆయన సహచరులు ఇదే కుటుంబానికి చెందిన హామైసిన్‌ను కనుగొన్నారు. దానిని ఉత్పత్తి చేసే సూక్ష్మజీవికి స్ట్రెప్టోమైసిస్ పింప్రినా అని ఆ ఊరి పేరే పెట్టారు.

ఈ కుటుంబపు మందులు ఎర్గోస్టెరాల్‌ను నేరుగా పట్టుకొంటాయి. అవి పొరలో రంధ్రాలు చేస్తాయని, ఆ రంధ్రాల గుండా పొటాషియం కారిపోయి కణం మరణిస్తుందని దీర్ఘకాలం పాఠ్యపుస్తకాలు చెప్పాయి. రంధ్రాలు పడడం నిజమే. కాని అదే ప్రధాన కారణం కాదని 2014లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్టిన్ బర్క్ బృందం చూపింది. మందు అణువులు పొర వెలుపల గుంపుగా చేరి, స్పంజి నీటిని పీల్చినట్లు పొరలోని ఎర్గోస్టెరాల్‌ను పీల్చివేస్తాయి. గోడలోనుంచి సున్నం లాగివేస్తే ఇటుకలు నిలువనట్లే పొర పనులన్నీ చెడిపోతాయి. కొలెస్టెరాల్‌తో ఈ మందుకు బంధం బలహీనమే గాని, బొత్తిగా లేకపోలేదు. అందుకే రోగికి చలి, వణుకు, జ్వరం వస్తాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. మందును సన్నని కొవ్వు గోళాలలో ఇమిడ్చి ఇచ్చే పద్ధతి తరువాత వచ్చి ఆ హానిని తగ్గించింది. 2021లో కోవిడ్ రెండవ విజృంభణ సమయంలో బ్లాక్ ఫంగస్ వ్యాధి ప్రబలినప్పుడు తెలుగు రాష్ట్రాలలో రోగుల బంధువులు ఊరూరా వెతికినది ఈ మందు కోసమే. ఆ వ్యాధిని కలిగించేది ఈస్టు కాదు, బూజు జాతి శిలీంధ్రం. అయినా దాని పొరలో ఉండేదీ ఎర్గోస్టెరాలే.

సిద్ధంగా ఉన్న ఎర్గోస్టెరాల్‌ను లాక్కోవడం ఒక మార్గం. దాని తయారీనే ఆపడం రెండవ మార్గం. జీవక్రియ అనే మాటకు అసలైన అర్థం ఇక్కడే తెలుస్తుంది. ఈస్టు కణం ఎర్గోస్టెరాల్‌ను ఒక్క దెబ్బతో తయారు చేసుకోలేదు. చిన్న అణువులను జోడించి 30 కార్బన్ పరమాణువులున్న స్క్వాలీన్‌ను, దాని నుండి లానోస్టెరాల్‌ను నిర్మించి, ఆ తరువాత అనవసరమైన కొమ్మలను ఒక్కొక్కటే నరికి, ద్విబంధాలను సరిదిద్దుతుంది. ఇది ఖరీదైన పని. ఒక్క ఎర్గోస్టెరాల్ అణువు తయారు కావడానికి 12 ఆక్సిజన్ అణువులు ఖర్చవుతాయి. గాలి లేకుండా బతకగలదని పేరుపొందిన రొట్టె ఈస్టు కూడా, బొత్తిగా ఆక్సిజన్ లేనిచోట ఎవరైనా ఎర్గోస్టెరాల్‌ను అందిస్తే తప్ప పెరగలేదని 1953లోనే నిరూపించారు. చక్కెరను పులియబెట్టి శక్తి పొందడానికి దానికి గాలి అక్కరలేదు, ఇల్లు కట్టుకోవడానికి మాత్రం కావాలి.

లానోస్టెరాల్ నుండి మొదట తొలగవలసిన కొమ్మ 14వ కార్బన్ మీద ఉన్న మిథైల్ సముదాయం. ఆ పని చేసే ఎంజైము మధ్యలో, మన రక్తంలోని హీమోగ్లోబిన్‌లో వలెనే, ఇనుము ఉన్న హీమ్ ఉంటుంది. ఆ ఇనుము మూడు ఆక్సిజన్ అణువులను వరుసగా వినియోగించి మిథైల్ సముదాయాన్ని ఫార్మికామ్లంగా విడగొడుతుంది. మికోనజోల్, కీటోకోనజోల్, ఫ్లూకోనజోల్, ఇట్రాకోనజోల్ మొదలైన అజోల్ మందులలోని నత్రజని పరమాణువు సరిగ్గా ఆ ఇనుమునే పట్టుకొని, ఆక్సిజన్ కూర్చోవలసిన పీటను ఆక్రమిస్తుంది. ఎంజైము పని ఆగిపోతుంది.

తరువాత ఏం జరుగుతుందనేది నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా ఆసక్తికరమైన ఘట్టం. ఎర్గోస్టెరాల్ కరువైనందువల్ల మాత్రమే ఈస్టు పెరుగుదల ఆగిపోతుందని అనుకోవడం సహజం. అది సగం నిజం. నేతపనిలో నూలుకు గంజి పెట్టే మనిషి ఒకనాడు రాలేదనుకొందాం. మగ్గం మీది మనిషికి ఆ సంగతి తెలియక గంజి లేని నూలుతోనే నేత సాగిస్తే, గుడ్డ వస్తుంది గాని అడుగడుగునా దారాలు తెగుతాయి. ఈస్టులోనూ అంతే. వరుసలో తరువాత ఉన్న ఎంజైములు తమ చేతికి వచ్చిన సగం పని సరకు మీదనే తమ పని కొనసాగిస్తాయి. వాటిలో ఎర్గ్-3 అనే జన్యువు తయారుచేసే ఎంజైము, మిథైల్ కొమ్మ తొలగని స్టెరాల్‌కు హైడ్రాక్సిల్ సముదాయాన్ని తగిలించి, ఒక హానికరమైన డయోల్‌ను తయారుచేస్తుంది. అది పొరలోకి చేరి దాని అల్లికను చెడగొడుతుంది. అంటే మందు ఒక ద్వారం మూస్తుంది, విషాన్ని మాత్రం ఈస్టు తన చేతులతోనే కలుపుకొంటుంది. దీనికి ఋజువు ఏమిటంటే, ఎర్గ్-3 జన్యువు ఉత్పరివర్తన వల్ల చెడిపోయిన ఈస్టు అజోల్ మందులో కూడా పెరుగుతుంది. పనివాడు ఒకడు తగ్గడమే దానికి రక్షణ అయింది.

అజోల్ మందులకు రెండు పరిమితులు ఉన్నాయి. కాండిడాను అవి సాధారణంగా చంపవు, పెరగకుండా నిలుపుతాయి. మిగిలిన పని రోగి తెల్ల రక్తకణాలే పూర్తిచేయాలి. రోగనిరోధక శక్తి నశించిన వారికి ఇది పెద్ద లోటు. రెండవది మన పోలికల వల్లనే వచ్చింది. ఇనుమున్న హీమ్ ఎంజైములు మన కాలేయంలోనూ, అడ్రినల్ గ్రంథులలోనూ ఎన్నో ఉన్నాయి. కీటోకోనజోల్ మాత్రలు మన హార్మోన్ల తయారీని సైతం తగ్గించేవి, కాలేయానికి హాని చేసేవి. అందువల్ల 2013లో అమెరికా, ఐరోపా ఔషధ నియంత్రణ సంస్థలు వాటి వాడకాన్ని కట్టడి చేశాయి. ఫ్లూకోనజోల్ ఇంతకన్నా సౌమ్యమైనది. అయినా రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్రలు వాడుతున్న పెద్దవారికి దానిని ఇస్తే, కాలేయం వార్ఫరిన్‌ను విచ్ఛిన్నం చేసే వేగం తగ్గి, రక్తస్రావం జరిగే ప్రమాదం ఉంది. దుకాణంలో అడిగి కొనుక్కొనే ఒక్క మాత్ర వెనుక ఇంత రసాయనం ఉన్నది.

మూడవ మార్గం మోసం. ఫ్లూసైటోసిన్ అనే మందును 1957లో కాన్సర్ చికిత్స కోసం తయారుచేశారు. కాన్సర్ మీద అది పనిచేయలేదు. ఎందుకంటే దానిని విషంగా మార్చే సైటోసిన్ డిఅమైనేజ్ అనే ఎంజైము మానవ కణాలలో లేదు. ఆ వైఫల్యమే శిలీంధ్ర చికిత్సకు వరమయింది. ఈస్టు కణం దీనిని తన డి.ఎన్.ఏ.లో ఉండే సైటోసిన్‌గా భ్రమించి, ప్రత్యేక వాహకం ద్వారా లోనికి తీసుకొంటుంది. లోపలి ఎంజైము దానిని ఫ్లోరోయురాసిల్‌గా మారుస్తుంది. అక్కడి నుండి ఒక పాయ ఆర్.ఎన్.ఏ.లోకి చేరి ప్రోటీన్ల తయారీని చెడగొడుతుంది. మరొక పాయ థైమిడిలేట్ తయారీని ఆపి డి.ఎన్.ఏ. ప్రతులు రాకుండా చేస్తుంది. ఇంత చక్కని ఉపాయానికి ఒక బలహీనత ఉంది. ఈ మెట్లలో ఏ ఒక్కదానిని ఈస్టు పోగొట్టుకొన్నా మోసం సాగదు. అందుచేత ఒంటరిగా వాడితే కొద్దిరోజులలోనే నిరోధకత వస్తుంది. యాంఫోటెరిసిన్‌తో జత చేసి ఇస్తే మంచి ఫలితం ఉంటుంది. హెచ్.ఐ.వి. రోగులలో మెదడు పొరలకు సోకే క్రిప్టోకాకస్ అనే మరొక ఈస్టు వ్యాధికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించిన చికిత్సలో కొవ్వు గోళాలలో ఇమిడ్చిన యాంఫోటెరిసిన్ ఒక్క పెద్ద మోతాదుతో పాటు ఫ్లూసైటోసిన్, ఫ్లూకోనజోల్ రెండూ ఉన్నాయి.

నాలుగవ వర్గం ఎకినోకాండిన్లు. ఈస్టుకు పొర వెలుపల గట్టి కణకవచం ఉంది. గ్లూకోజు అణువులను గొలుసుగా అల్లిన బీటా గ్లూకాన్ దానికి ఆధారం. మనకు అటువంటి కవచం లేదు కాబట్టి, పెన్సిలిన్‌కు దొరికిన సౌలభ్యమే ఇక్కడ శిలీంధ్ర ఔషధానికి దొరికింది. గ్లూకాన్‌ను అల్లే ఎంజైమును ఈ మందులు ఆపగానే కవచం పలచబడి, లోపలి పీడనానికి కాండిడా కణం పగిలిపోతుంది. వీటిలో మొదటిదైన కాస్పోఫంగిన్‌కు 2001లో అమెరికాలో అనుమతి లభించింది. ఇది రక్తనాళం ద్వారానే ఇవ్వవలసిన మందు. క్రిప్టోకాకస్ మీద దీని ప్రభావం లేదు.

ఇక ఎదుటి పక్షం ఊరికే కూర్చోదు. అజోల్ తాకిడి తగిలిన ఈస్టు, స్టెరాల్ తగ్గిందని గుర్తించి ఆ ఎంజైమును మరింత ఎక్కువగా తయారుచేస్తుంది. పొరలో ఉన్న పంపుల సంఖ్య పెంచి, లోనికి వచ్చిన మందును వచ్చినట్లే బయటకు తోడివేస్తుంది. పడవలో చేరిన నీటిని చేదతో తోడిపోసినట్లు. ఈ పంపులలో ముఖ్యమైనవి నడిచేది ఏ.టి.పి.తోనే. అంటే ఆహారం నుండి సంపాదించిన శక్తిలో కొంత ఆత్మరక్షణకు పన్నుగా కట్టవలసి వస్తుంది. కొన్ని కాండిడా అల్బికాన్స్ కణాలు ఇంకొక అడుగు వేసి, తమ అయిదవ క్రోమోసోములో ఒక భుజాన్ని రెట్టింపు చేసుకొంటాయి. అజోల్ గురి చేసే ఎంజైము జన్యువు, పంపులను పెంచే జన్యువు రెండూ ఆ భుజం మీదనే ఉన్నాయని 2006లో వెల్లడయింది.

కాండిడా గ్లాబ్రేటా చేసే పని మరీ విచిత్రమైనది. అజోల్ సమక్షంలో దాని కణాలు కొన్ని తమ మైటోకాండ్రియాలోని డి.ఎన్.ఏ.ను పోగొట్టుకొంటాయి. దానితో శ్వాసక్రియ పోతుంది. గ్లిసరాల్ వంటి ఆహారం మీద అవి బతకలేవు. చక్కెరను పులియబెట్టుకొంటూ చిన్న చిన్న సమూహాలుగా మాత్రం పెరుగుతాయి. కాని మైటోకాండ్రియా చెడిందన్న సంకేతం కేంద్రకానికి చేరి, మందును తోడే పంపుల జన్యువులు మేల్కొంటాయి. పొయ్యి ఆర్పుకొని తలుపు గడియ బిగించుకొన్నట్లు, శక్తిని వదులుకొని రక్షణను కొనుక్కొంటుంది. మందుకు, జీవక్రియకు నడుమ ఉన్న సంబంధం ఇంతకన్నా స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

మరొక సంగతి కూడా గమనించాలి. ప్రయోగశాలలో ఈస్టును పుష్కలంగా గ్లూకోజు ఉన్న ద్రవంలో పెంచి మందును పరీక్షిస్తారు. మన శరీరంలో దానికి అన్నిచోట్లా ఆ భోగం ఉండదు. తెల్ల రక్తకణం మింగివేసినప్పుడు దాని లోపల చక్కెర దొరకదు. అప్పుడు ఈస్టు కొవ్వు ఆమ్లాలను, ఎసిటేటును వాడుకొనే గ్లయాక్సిలేట్ వలయాన్ని ప్రారంభిస్తుంది. మానవ కణాలకు లేని మార్గం ఇది. ఆ వలయం చెడిన కాండిడా ఎలుకలలో అంత తీవ్రంగా వ్యాధిని కలిగించలేదని 2001లో ప్రకటించిన ప్రయోగాలు తెలిపాయి. లాక్టేటు తిని పెరిగిన కాండిడా కణకవచం అల్లిక మారి, మందులకు దాని స్పందన కూడా మారుతుందని 2012లో తేలింది. కాబట్టి గాజు పళ్ళెంలో పనిచేసిన మోతాదు, రోగి దేహంలో అదే విధంగా పనిచేస్తుందన్న హామీ లేదు.

జపాన్‌లో ఒక వృద్ధురాలి చెవి నుండి వేరుచేసిన ఒక కొత్త ఈస్టును 2009లో ప్రకటించారు. చెవికి లాటిన్ పేరుతో దానిని కాండిడా ఆరిస్ అన్నారు. కొద్ది సంవత్సరాలలోనే ఢిల్లీ ఆసుపత్రులతో సహా పలు ఖండాలలోని ఆసుపత్రులలో అది బయటపడింది. దాని నమూనాలలో ఎక్కువ భాగం ఫ్లూకోనజోల్‌కు లొంగవు. కొన్ని యాంఫోటెరిసిన్‌కు, కొన్ని ఎకినోకాండిన్లకు కూడా లొంగవు. రోగుల చర్మం మీద, మంచాల మీద చాలాకాలం నిలిచి ఉండడం దానికి మరొక బలం. 2021లో భారత శాస్త్రజ్ఞులు అండమాన్ దీవుల ఉప్పునీటి చిత్తడి నేలలోను, ఇసుక తీరంలోను దానిని కనుగొన్నారు. ఆసుపత్రి వెలుపల ప్రకృతిలో అది లభించడం అదే మొదటిసారి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అక్టోబరులో తొలిసారిగా ప్రకటించిన ప్రమాదకర శిలీంధ్రాల పట్టికలో అత్యంత కీలకమైన వర్గంలో నాలుగింటిని చేర్చింది. వాటిలో మూడు ఈస్టులు: క్రిప్టోకాకస్ నియోఫార్మాన్స్, కాండిడా ఆరిస్, కాండిడా అల్బికాన్స్.

రక్తంలో ఈస్టు ఉందని తెలిసిన తరువాత అది ఏ జాతిదో తేల్చకుండా మందు కొనసాగించడం ఇందువల్లనే ప్రమాదకరం. కాండిడా క్రుసై పుట్టుకతోనే ఫ్లూకోనజోల్‌కు లొంగదు. కాండిడా అల్బికాన్స్ సాధారణంగా లొంగుతుంది. సూక్ష్మదర్శినిలో రెండూ మొగ్గలు తొడిగే ఈస్టు కణాలే. అందుకే నమూనాను పెంచి, జాతిని గుర్తించి, ఏ మందు ఎంత పలుచని మోతాదులో దాని పెరుగుదలను ఆపుతుందో కొలిచి చూస్తారు. ఆ నివేదిక రావడానికి కొన్ని రోజులు పడుతుంది. అంతవరకు ఏ మందు ఇవ్వాలన్నది రోగి పరిస్థితిని బట్టి, ఆ ఆసుపత్రిలో అంతకుముందు కనిపించిన జాతులను బట్టి వైద్యుడు నిర్ణయించవలసిందే.

ప్రశ్నలు

కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. శిలీంధ్ర వ్యాధులకు మందు కనుగొనడం బాక్టీరియా వ్యాధులకన్నా ఎందుకు కష్టమో పాఠం ఆధారంగా వివరించండి.
2. అజోల్ మందు ప్రభావం వల్ల ఈస్టు తన విషాన్ని తానే తయారుచేసుకొనే విధానాన్ని మీ సొంతమాటలలో రాయండి.

కింది ప్రశ్నలకు అయిదు వాక్యాలలో సమాధానాలు రాయండి.
3. నిస్టాటిన్ ఎలా కనుగొన్నారు?
4. కాన్సర్ మీద పనిచేయని ఫ్లూసైటోసిన్ ఈస్టు మీద ఎందుకు పనిచేసింది?
5. శ్వాసక్రియను వదులుకొని కాండిడా గ్లాబ్రేటా పొందే లాభం ఏమిటి?